గుమాస్తా నడిపిన రైలుబండి
(ఫ్రాంక్ హార్న్‌బీ జీవితం, మన ఇళ్లలోని చిన్న రైళ్లు)

మన సంఘం ప్రత్యేక సంచికకు ఈసారి సంపాదకవర్గం వారు నిర్ణయించిన అంశం విశ్రాంత జీవితంలో వ్యాపకాలు. తోటపని, యోగా, పురాణ కాలక్షేపం, నాణేల సేకరణ వంటి వాటి గురించి అనుభవజ్ఞులైన మిత్రులు రాస్తారు. నాకు తెలిసిన వ్యాపకం ఒక్కటే. అది బొమ్మ రైళ్లు తయారుచేసి నడపడం. ఈ వయసులో ఇదేమి పిచ్చి అని నవ్వేవారు నవ్వవచ్చు. మా ఇంట్లోనే ఆ నవ్వు చాలాకాలం వినిపించింది. అందుచేత నన్ను నేను సమర్థించుకోకుండా, ఈ ఆటను ప్రపంచానికి పంచిపెట్టిన ఒక పెద్దమనిషి జీవితాన్ని పాఠక మిత్రుల ముందుంచుతాను. ఆయనా మనలాంటి నెలజీతగాడే. లెక్కల పుస్తకాలు రాసుకున్న గుమాస్తా. పేరు ఫ్రాంక్ హార్న్‌బీ. మెకానో అనే ఆట వస్తువును, హార్న్‌బీ రైళ్లను సృష్టించినవాడు.

బాల్యం, ఉద్యోగం

ఇంగ్లండులోని లివర్‌పూల్ ఓడరేవు పట్టణంలో 1863 మే 15న హార్న్‌బీ జన్మించాడు. తండ్రి జాన్ ఆహార సరుకుల వ్యాపారి. తల్లి పేరు మార్తా. కుర్రవాడికి చదువు మీద మనసు నిలవలేదు. బడి ఎగ్గొట్టడం అలవాటు. పదహారో ఏట చదువు మానేసి తండ్రి వ్యాపారంలోనే క్యాషియరుగా కుదురుకున్నాడు. అయితే బడి చదువు అబ్బకపోయినా పుస్తకం మాత్రం ఆయన మీద పనిచేసింది. శామ్యూల్ స్మైల్స్ 1859లో ప్రచురించిన స్వయంకృషి గ్రంథం చిన్నతనంలో ఆయన చేతికి వచ్చింది. సామాన్య కుటుంబాలలో పుట్టి యంత్రాలు కనిపెట్టినవారి కథలు అందులో ఉన్నాయి. అవి చదివి తానూ ఏదో ఒకటి కనిపెట్టాలని కుర్రవాడు ఉబలాటపడ్డాడు. ఆగకుండా తనంతట తానే తిరిగే యంత్రం చేయబోయాడు. అది ప్రకృతి ధర్మానికే విరుద్ధం కనుక ఎవరివల్లా కానట్టే ఆయనవల్లా కాలేదు.

1887లో క్లారా అనే ఉపాధ్యాయినిని వివాహం చేసుకున్నాడు. రోలాండ్, డగ్లస్ అని ఇద్దరు కొడుకులు. 1899లో తండ్రి మరణించడంతో వ్యాపారం మూతపడింది. ముప్పై ఆరేళ్ల వయసులో, పెళ్లాం పిల్లలతో, హార్న్‌బీ కొత్తగా ఉద్యోగం వెతుక్కోవలసి వచ్చింది. మాంసం దిగుమతి చేసే డేవిడ్ ఎలియట్ అనే వర్తకుని దగ్గర పద్దులు రాసే పని దొరికింది. జీతం అంతంతమాత్రం. అప్పటి వరకు ఆయన జీవితంలో చెప్పుకోదగిన విశేషం ఒక్కటీ లేదు. మొక్కై వంగనిది మానై వంగునా అనే సామెతను ఆయనకు వర్తింపజేసి ఉంటే కథ అక్కడితో ముగిసేది.

అర అంగుళం దూరంలో రంధ్రాలు

ఆఫీసు నుంచి వచ్చాక కొడుకుల కోసం లోహపు రేకులు కత్తిరించి వంతెనలు, బండ్లు, క్రేన్లు తయారుచేసేవాడు. ఇబ్బంది ఏమిటంటే, క్రేను కోసం కత్తిరించిన ముక్క వంతెనకు పనికివచ్చేది కాదు. ప్రతి బొమ్మకూ మళ్లీ మొదటినుంచి రేకు కత్తిరించవలసిందే. ఒకసారి రైలు ప్రయాణంలో కిటికీలోంచి ఒక క్రేను కనిపించిందనీ, దానిని పిల్లలకు ఎలా చేసిపెట్టాలా అని ఆలోచిస్తూంటే అసలు ఉపాయం తట్టిందనీ తరువాత ఆయనే చెప్పుకున్నాడు. రైలులో పుట్టిన ఆలోచన చివరకు రైలుకే చేరింది చూడండి.

ఉపాయం చాలా సులువైనది. అన్ని పట్టీలూ అర అంగుళం వెడల్పు ఉండాలి. అన్నింటికీ అర అంగుళం ఎడంలో వరుసగా రంధ్రాలు ఉండాలి. అప్పుడు ఏ పట్టీనైనా ఏ పట్టీకైనా బోల్టుతో బిగించవచ్చు. అంతకన్నా గొప్ప సంగతి, అదే రంధ్రంలో ఇరుసును దూర్చితే అది బేరింగులా పనిచేసి చక్రం తిరుగుతుంది. ఈరోజు క్రేనుగా ఉన్నది రేపు విప్పితే వంతెన అవుతుంది, ఎల్లుండి బండి అవుతుంది. మొదట్లో బోల్టులూ నట్టులూ కూడా ఇంట్లో తన చేతులతోనే చేసుకున్నాడు.

పేటెంటు తీసుకోవడానికి డబ్బు లేదు. యజమాని ఎలియట్ దగ్గర ఐదు పౌండ్లు అప్పు తీసుకుని 1901 జనవరిలో పేటెంటు సంపాదించాడు. తయారీదారుల చుట్టూ తిరిగితే నమూనా మొరటుగా ఉందని ఎవరూ ఆసక్తి చూపలేదు. చివరకు ఎలియట్ తన ఆఫీసు పక్కనే ఖాళీగా ఉన్న గదిని ఇచ్చి భాగస్వామి అయ్యాడు. ఆ ఒక్క గదిలో, సాయానికి ఒక అమ్మాయిని పెట్టుకుని, బయటినుంచి తెప్పించిన విడిభాగాలను పెట్టెలలో సర్దేవాడు. 1902లో అమ్మకానికి వచ్చిన తొలి పెట్టెలో 16 రకాల భాగాలు, 12 బొమ్మలు చేసే విధానం చెప్పే కరపత్రం ఉండేవి. లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు విభాగానికి అధిపతిగా ఉన్న ప్రొఫెసర్ హీలీ షా ఈ వస్తువు విలువను గుర్తించి సిఫారసు చేశాడు.

1903లో 1,500 పెట్టెలు అమ్ముడైనా లాభం ఒక్క పెన్నీ లేదు.  1906లో మొదటిసారి కాస్త లాభం కళ్లజూశాడు. పేటెంటు తీసుకున్న ఆరేళ్లకు! ఆ ఆరేళ్లూ పగలు ఉద్యోగం, రాత్రి పెట్టెలు. ఇంక్రిమెంటు కోసం ఎదురుచూసి, ఇంటి అద్దె కట్టి, పిల్లల ఫీజులు కట్టిన మనందరికీ ఆ ఆరేళ్లు ఎలా గడిచి ఉంటాయో వివరించనక్కరలేదు.

1907లో గిరాకీకి తగ్గట్టు సరుకు అందించలేక సరఫరాదారులు చేతులెత్తేశారు. అప్పుడు హార్న్‌బీ ఉద్యోగానికి రాజీనామా చేశాడు. అప్పటికి ఆయనకు 44 ఏళ్లు. డ్యూక్ స్ట్రీట్‌లో ఒక చిన్న కర్మాగారాన్ని మూడేళ్ల లీజుకు తీసుకుని భాగాలు తానే తయారుచేయించాడు. ఆ సెప్టెంబరులోనే మెకానో అనే పేరును నమోదు చేయించాడు. 1908 మే 30న మెకానో లిమిటెడ్ ఏర్పడింది. అందులో చేరడానికి ఎలియట్ ఇష్టపడలేదు. అప్పు ఇచ్చినవాడు, గది ఇచ్చినవాడు సరిగ్గా పంట చేతికొచ్చే వేళకు పక్కకు తప్పుకున్నాడు. రాత అంటే అదే కాబోలు.

తరువాతి కథ వేగంగా సాగింది. 1912లో పారిస్‌లో శాఖ. 1914లో లివర్‌పూల్‌లోని బిన్స్ రోడ్డులో ఐదెకరాల స్థలంలో పెద్ద ఫ్యాక్టరీ. 1916లో మెకానో మ్యాగజైన్. పిల్లల కోసం మొదలైన ఆ పత్రిక వంతెనలు, ఓడలు, రైళ్ల గురించి రెండు తరాల కుర్రవాళ్లకు ఇంజనీరింగు నేర్పింది. 1934లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో డగ్లస్ హార్ట్‌రీ, ఆర్థర్ పోర్టర్ అనే శాస్త్రవేత్తలు మెకానో భాగాలతోనే కఠినమైన గణిత సమీకరణాలను సాధించే యంత్రాన్ని నిర్మించారు. బొమ్మ అని తీసిపారేసే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

57వ ఏట తొలి రైలు

బొమ్మ రైళ్లు హార్న్‌బీ కనిపెట్టినవి కావు. ఆ రంగంలో జర్మనులది పైచేయి. మార్క్లిన్ అనే జర్మన్ సంస్థ 1891లోనే పట్టాల వెడల్పును ప్రమాణీకరించి, పట్టాలనూ పెట్టెలనూ విడిగా కొనుక్కుని పెంచుకునే పద్ధతిని లైప్జిగ్ సంతలో ప్రవేశపెట్టింది. మొదటి ప్రపంచయుద్ధంతో జర్మన్ బొమ్మల రాక ఆగిపోయింది. యుద్ధం ముగిశాక, 1920లో హార్న్‌బీ తన తొలి రైలును మార్కెట్లోకి విడుదల చేశాడు. కీ ఇస్తే నడిచే ఇంజను. పట్టాల మధ్య దూరం 32 మిల్లీమీటర్లు, దానినే ఓ గేజ్ అంటారు. ఇందులోనూ మెకానో బుద్ధి పోలేదు. నట్టూ బోల్టూ విప్పి రైలును ముక్కలు చేసి మళ్లీ బిగించుకోవచ్చు.

మిత్రులు గమనించాలి. అప్పటికి ఆయన వయసు 57. మనలో చాలామందిమి పెన్షను కాగితాలు సిద్ధం చేసుకుంటున్న వయసు. ఈరోజు ఆయన పేరు ప్రపంచంలో ఏ వస్తువు మీద నిలిచి ఉందో, ఆ వస్తువు ఆయన ఆ వయసులో మొదలుపెట్టింది. 1925లో, 62వ ఏట, కరెంటుతో నడిచే రైలు తెచ్చాడు. లండను మెట్రోపాలిటన్ రైల్వే ఇంజనుకు అది నమూనా. ఇంటి కరెంటుతో నేరుగా నడిచే ఆ బొమ్మ పిల్లలకు ప్రమాదమని తేలాక, ట్రాన్స్‌ఫార్మరుతో వోల్టేజి తగ్గించి నడిపే పద్ధతి వచ్చింది. స్టేషన్లు, సిగ్నళ్లు, సొరంగాలు ఒకటొకటిగా చేరాయి. 1928లో హార్న్‌బీ రైల్వే కంపెనీ పేరుతో పిల్లలకు ఒక సంఘం పెట్టి, చేరినవారికి బ్యాడ్జీలు ఇచ్చాడు. స్టేషను పక్కన పెట్టుకోవడానికి చేసిన చిన్న కార్లే 1934లో డింకీ టాయ్స్ అనే పేరు తెచ్చుకుని, రైళ్లకు దీటుగా అమ్ముడయ్యాయి.

ఆయన పెట్టెల మీద బొమ్మలలో ఎక్కువగా మగపిల్లలే కనిపిస్తారు. ఆడపిల్లకు స్క్రూడ్రైవరు ఎందుకన్నది ఆ కాలపు ఆలోచన. ఆ పరిమితిని దాచిపెట్టి ఆయనను పొగడనక్కరలేదు. మా ఇంట్లో పట్టాలు అతికే పనిలో నాకు కుడిభుజం మా మనవరాలే.

1931లో, 68వ ఏట, ఎవర్టన్ నియోజకవర్గం నుంచి కన్సర్వేటివ్ పార్టీ తరఫున పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. ఆరోగ్యం సహకరించక 1935 ఎన్నికల నాటికి రాజకీయాల నుంచి విరమించుకున్నాడు. గుండెజబ్బుకు చక్కెరవ్యాధి తోడై 1936 సెప్టెంబరు 21న కన్నుమూశాడు. పెద్ద కొడుకు రోలాండ్ సంస్థ బాధ్యతలు స్వీకరించాడు. ఆ తరువాత రెండేళ్లకు, 1938లో, ఓ గేజ్‌లో సుమారు సగం ఉండే 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీద హార్న్‌బీ డబ్లో రైళ్లు వచ్చాయి. బల్ల మీద ఇమిడే రైలు అది. ఆయన మాత్రం దానిని చూడలేదు.

1964లో మెకానో సంస్థ ఇతరుల పరమైంది. 1979లో బిన్స్ రోడ్డు ఫ్యాక్టరీ మూతపడింది. పేరు మాత్రం పోలేదు. హార్న్‌బీ ముద్రతో రైళ్లు నేటికీ వస్తున్నాయి. మన దేశంలో మెకానిక్స్ పేరుతో వచ్చిన రంధ్రాల పట్టీల పెట్టెలు మన పిల్లలలో చాలామంది ఆడుకున్నవే. వాటి మూలపురుషుడు ఈ లివర్‌పూల్ గుమాస్తాయే.

చిక్కడపల్లిలో చిన్న రైళ్లు

ఇక మన ఊరి సంగతి. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వాసులకు రైలు పరాయిది కాదు. 1916లో కట్టిన కాచిగూడ స్టేషను కూతవేటు దూరం. నిజాం రైల్వే కాలం నుంచి మీటరుగేజి బండ్లు అక్కడినుంచి కర్నూలు వైపు వెళ్లేవి. రాత్రిపూట గాలివాటున ఇంజను కూత నారాయణగూడ దాకా వినిపించేది. 1990లలో ఆ మార్గం బ్రాడ్‌గేజిగా మారింది. 2020 ఫిబ్రవరి 7న చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషన్ల మీదుగా మెట్రో రైలు మొదలైంది. 2023 ఆగస్టులో ఇందిరాపార్కు నుంచి వీఎస్టీ వరకు ఉక్కు వంతెన ప్రారంభమైంది. ఆ ఇనుప దూలాలు, వరుసగా బిగించిన బోల్టులు చూసినప్పుడల్లా నాకు హార్న్‌బీయే గుర్తుకు వస్తాడు. అశోక్‌నగర్ నెత్తిమీద ఎవరో రాక్షసుడు మెకానో పెట్టె విప్పి ఆడుకున్నట్టుంటుంది.

నేను పనిచేసింది రైల్వేలో కాదు, ఒక ప్రభుత్వ కార్యాలయపు లెక్కల విభాగంలో. ముప్పై నాలుగేళ్లు ఇతరుల జమాఖర్చులు సరిచూశాను. పదవీ విరమణ అయ్యాక ఉదయం పది గంటలకు చేతులకు పని లేకపోవడమంటే ఏమిటో మీకు తెలుసు. పెన్షను ఒకటో తారీఖున వస్తుంది గానీ, పది గంటలు మాత్రం రోజూ వస్తాయి. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పేపర్లు చదివే అలవాటున్న మేము ఐదుగురం మిత్రులం మాటల్లో మాటగా ఈ పనికి దిగాము. ఎవరి ఇంట్లో ఖాళీ ఉంటే అక్కడ పని. చివరకు అశోక్‌నగర్‌లో మా ఇంటి మేడమీది గది స్థిరపడింది.

ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ప్లైవుడ్ బల్ల. దాని మీద 16.5 మిల్లీమీటర్ల పట్టాలు. రెండు పట్టాలలో ఒకటి ప్లస్సు, ఒకటి మైనస్సు. పన్నెండు వోల్టుల డీసీ కరెంటు పట్టాల ద్వారా చక్రాలకు, చక్రాల ద్వారా ఇంజనులోని మోటారుకు అందుతుంది. ప్లస్సు మైనస్సులు తారుమారు చేస్తే బండి వెనక్కి నడుస్తుంది. పట్టా వంపు తిరిగి తననే తాను కలుసుకుంటే ప్లస్సూ మైనస్సూ ఒకదానికొకటి తగిలి షార్టు అవుతుంది. కనుక అక్కడ పట్టాను తెంపి విడిగా స్విచ్చి పెట్టాలి. ట్రాన్స్‌ఫార్మరు, స్విచ్చులు, వైర్లు కోఠి గుజరాతీ గల్లీలో, ట్రూప్ బజారులో దొరుకుతాయి. ఇంజనులు, పట్టాలు మాత్రం విదేశీ సరుకు. వాటి ధర పెన్షనుదారుని గుండె ఆపేటంత ఉంటుంది. అందుకే ఒక్క ఇంజను ఐదుగురం కలిసి కొన్నాము. పెట్టెలు మాత్రం అట్టతో, ప్లాస్టిక్ షీటుతో సొంతంగా చేసుకుంటాము. కొండలకు థర్మకోలు, చెట్లకు కొబ్బరిపీచు, పట్టాల కింద కంకరకు జల్లించిన సన్న ఇసుక సరిపోతాయి.

మా కొలత 87 వంతులకు ఒక వంతు. అద్దంలో కొండ ఇమిడినట్టు ఈ లెక్కలో అన్నీ ఇముడుతాయి. మన రైళ్లలో పాతరకం బోగీ పొడవు సుమారు 21.3 మీటర్లు. మా బల్ల మీద అది 24 సెంటీమీటర్ల పైచిలుకు. ఇరవై నాలుగు బోగీల ఎక్స్‌ప్రెస్ చేయాలంటే దాదాపు ఆరు మీటర్ల పొడవవుతుంది, బల్ల చాలదు. నాలుగు బోగీలతో సరిపెట్టుకుంటాము. గంటకు 87 కిలోమీటర్ల వేగంతో పోయే రైలు మా బల్ల మీద గంటకు ఒక కిలోమీటరు వేగంతో పోవాలి, అంటే సెకనుకు సుమారు 28 సెంటీమీటర్లు. అంతకు మించి తోలితే చూడడానికి ఎలుక పరుగెత్తినట్టుంటుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు. దానిని 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్ల పైన వస్తుంది. బజారులో దొరికే పట్టా 16.5 మాత్రమే. అంటే మేము చేసిన కాచిగూడ బండి ఉండవలసిన దానికంటే ఇరుకు పట్టాల మీద నిలబడుతుంది. పాత మీటరుగేజి బండికేమో పదకొండున్నర మిల్లీమీటర్లు చాలు, కనుక దానికి ఈ పట్టా మరీ వెడల్పు. మరి 16.5 సరిగ్గా దేనికి సరిపోతుంది? 1,435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజికి. మన హైదరాబాదు మెట్రో పట్టాలు సరిగ్గా అదే గేజి. కాచిగూడకు అమరని పట్టా చిక్కడపల్లి మెట్రోకు అమిరిందని తెలిసిన రోజున మా ఐదుగురి ఆనందం ఇంతా అంతా కాదు.

ఉత్త బొమ్మ కాదు

మా ఐదుగురిలో నారాయణగూడ మిత్రుడు ఒకరు తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యారు. చేతి నైపుణ్యమంతా ఆయనదే. పాత తపాలా బండి ఒకటి, సార్టింగు గది కిటికీలతో సహా, అట్టతో చేయడం మొదలుపెట్టారు. పూర్తికాకుండానే కాలం చేశారు. కార్యక్రమాలన్నీ ముగిశాక వారి కోడలు ఫోను చేసి, మామయ్యగారి గదిలో ఒక పెట్టె ఉందనీ, పాత సామాన్లవాడు రేపు వస్తాడనీ, పారేయడానికి చేతులు రావడం లేదనీ చెప్పింది. మేము నలుగురం వెళ్లి తెచ్చుకున్నాము. పెట్టెలో సగం చేసిన బండి, విడిగా నాలుగు చక్రాల జతలు, కొలతలు రాసుకున్న పాత లెడ్జరు ఉన్నాయి.

లెడ్జరులోని కొలతల ప్రకారం మిగతా పని పూర్తిచేశాము. ఆయన చేతి నేర్పు మాలో ఎవరికీ లేదు. కిటికీలలో ఏవి ఆయన చేసినవో, ఏవి మేము చేసినవో దూరంనుంచే తెలుస్తుంది. అయినా బండి పట్టాలెక్కింది, పక్క బోగీతో కొక్కెం కలిసింది. కారణం ఒక్కటే. ఆయనా మేమూ ఒకే గేజిని, ఒకే కొక్కెం ఎత్తును పాటించాము. ఆ రోజు నాకు హార్న్‌బీ గొప్పతనం నిజంగా అర్థమైంది. అర అంగుళం ఎడంలో రంధ్రం అన్న నియమం కేవలం వ్యాపార రహస్యం కాదు. ఒకరు సగంలో వదిలిన పనిని మరొకరు అందుకోగలగడమే ఆ నియమం ఫలితం. నూరేళ్ల కిందటి మెకానో పట్టీకి ఆ తరువాతి కాలపు పట్టీ నేటికీ అమరుతుంది. ఫ్యాక్టరీ పోయింది, యజమాని పోయాడు, కొలత మిగిలింది.

మనం ఆఫీసుల్లో చేసిన పని కూడా అంతే కదా. ఒకరు తెరిచిన ఫైలును మరొకరు ముందుకు నడిపారు. ఒకరు ఆపినచోట మరొకరు పద్దు కొనసాగించారు. పేరు మిగలకపోయినా వరుస తప్పలేదు.

మిత్రులకు మనవి

ఈ వ్యాపకం మీద ఆసక్తి కలిగినవారికి నాలుగు మాటలు. మొదట పెద్ద బల్లకు పోవద్దు. నాలుగడుగుల పలక మీద ఒక స్టేషను, రెండు పాయింట్లు, మూడు వ్యాగన్లు చాలు. అటు ఇటు షంటింగు చేసుకోవడంలోనే బోలెడంత కాలక్షేపం, మెదడుకు పని. పట్టాలను వారానికొకసారి స్పిరిటు గుడ్డతో తుడవాలి, హైదరాబాదు దుమ్ముకు కరెంటు అందదు. పట్టాల అతుకుల మధ్య సన్నని సందు వదలాలి, లేకపోతే ఏప్రిల్ ఎండకు మేడమీది గదిలో పట్టా ఉబ్బుతుంది. టంకం పెట్టేటప్పుడు కిటికీ తెరిచి ఉంచాలి. చేతులు వణికేవారు దిగులుపడనక్కరలేదు, వారికి సిగ్నళ్లు నడిపే పని ఉండనే ఉంది.

వీలున్నవారు పుణె వెళ్లినప్పుడు కొత్రూడ్‌లో 1998లో ప్రారంభమైన జోషిగారి చిన్న రైళ్ల మ్యూజియం తప్పక చూడండి. గ్వాలియర్ వెళ్లినవారు జై విలాస్ ప్యాలెస్‌లో సింధియా మహారాజుగారి భోజనాల బల్ల మీద అతిథులకు పానీయాలు, చుట్టలు మోసుకువచ్చిన వెండి రైలును చూడవచ్చు. మహారాజుకు వెండి రైలు, గుమాస్తాకు రేకు రైలు. పట్టా మీద తిరగడంలో రెండింటికీ తేడా లేదు.

చివరిగా ఒక ముఖ్యమైన విన్నపం. ఈ సంచిక సభ్యుల ఇళ్లలో కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు కూడా చదువుతారు. ఇంటి పెద్దలు పోయాక వారి గదిలో ఏదైనా పెట్టె కనిపిస్తే, అది రైలు కానివ్వండి, వేణువు కానివ్వండి, సగం అల్లిన బుట్ట కానివ్వండి, పాత సామాన్లవాడికి వేసే ముందు మన సంఘం కార్యాలయానికి ఒక్కమాట చెప్పండి. ఆ పనిని అందుకోగల చేతులు సభ్యులలో ఎక్కడో ఉంటాయి. అలాగే సభ్యులు కూడా తమ పనికి సంబంధించిన కొలతలు, వివరాలు ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకోవాలని కోరుతున్నాను. లెక్కలు రాయడం మనకు కొత్త కాదు గదా.